డిపో ఆకుపచ్చ

జూన్ 3

ఇవాళ నదివైపు గది నాకు అప్పగించారు. "ఇది నీదేనమ్మా, తొందరపడకు" అన్నారు డైరెక్టరు గారు. అదే నోటితో, వానలు ముదిరేలోపు రిపోర్టు కావాలన్నారు.

ఈ మేడ మొత్తంలో ఇంత అందమైన గది ఇంకొకటి లేదు. పాత ప్లానులో దీని పేరు ఆడవాళ్ళు కూర్చునే గది. ఇల్లు కట్టినప్పుడు దాని ముఖం నదివైపే. ఆ కుటుంబమంతా పడవల్లోనే వచ్చి పోయేది. రోడ్డు ఎంతో కాలానికి వచ్చింది, అదీ ఇంటి వీపు వైపు. చూడడానికి వచ్చిన వాళ్ళకు ఈ సంగతి నేనే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ "అబ్బా, అలాగా!" అంటారు. ఆ "అబ్బా" వినడానికి ఎన్నిసార్లయినా చెబుతాను.

నా పని గోడ అసలు రంగు కనుక్కోవడం. ఇంటివాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయాక ఈ లంకంత ఇంట్లో ఎవరెవరో అద్దెకున్నారు, ఎవరికి తోచింది వాళ్ళు పూశారు. ఇంటివాళ్ళ కాలం నాటిది ఉండాలి, తరువాత వచ్చింది పోవాలి. పాత ఇళ్ళను కాపాడే మా ఆఫీసు నియమం అది. సర్జికల్ బ్లేడుతో ఒక్కొక్క పొరనూ కొంచెం కొంచెం వదిలిపెడుతూ గీకితే గోడలో చిన్న మెట్లు ఏర్పడతాయి. పై మెట్టు నిన్నటిది. అడుగు మెట్టు ఇల్లు కట్టిన నాటిది.

ఈ గది రిపోర్టు బాగుంటే ఉద్యోగం పర్మినెంటు చేస్తారు. మా వంశంలో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. నాన్న బస్సు డిపోలో పెయింటరు. ఉద్యోగమున్నంత కాలం బస్సుల మీద ఊళ్ళ పేర్లు రాశాడు, వాటిలో ఒక్కటీ చదవలేడు. అక్షరాన్ని బొమ్మలా చూసి గీసేవాడు. ఇప్పుడు రిటైరయ్యాడు, చెయ్యి వణుకుతోంది. కనబడిన వాళ్ళకల్లా "మా అమ్మాయి పాత ఇళ్ళ ఆఫీసరు" అని చెబుతాడు. నాన్న అక్క, మా అత్త, ఊరుకుంటుందా? "గోడలు గీకడానికి అన్ని చదువులెందుకే కోడలా? గరిటె ఇస్తే నేనూ గీకుతాను" అంటుంది.

ఒకప్పుడు ఈ మేడలోనే మేమూ ఒక గదిలో అద్దెకున్నాం. నాకు ఊహ తెలియక ముందే ఖాళీ చేశాం. "మన వెనక గది" అంటుంది అమ్మ ఎప్పుడూ. ఆ వెనక గదులన్నీ కూలిపోయి రోడ్డు పక్కన మొండి గోడలు మిగిలాయి. ఆఫీసులో ఈ సంగతి చెప్పలేదు. దాచడం కాదు. ఎవరూ అడగలేదు.

జూన్ 5

సున్నం. సున్నం కింద సున్నం.

జూన్ 6

ఇంకా సున్నమే. మెడ పట్టేసింది. ఏడాదికో పూత అనుకున్నా, ఈపాటికి నేను పుట్టక ముందెప్పటికో వెళ్ళిపోయి ఉంటాను.

జూన్ 9

దొరికింది!

పొద్దున్న కిటికీ పక్కన గీకుతుంటే సున్నం పెచ్చు ఊడి, కింద ఆకుపచ్చ కనబడింది. లేత ఆకుపచ్చ, పాలు కలిపినట్టు. బ్లేడు పక్కన పెట్టి కాసేపు నేల మీద కూర్చున్నాను. తరువాత నెమ్మదిగా కిందికి గీకుతూ వెళితే నడుమెత్తులో ఎర్ర గీత వచ్చింది. సన్నటి గీత, చేత్తో గీసింది. భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా లావు కాలేదు. ఒకే ఊపిరిలో లాగినట్టుంది. గీతకు పైన ఆకుపచ్చ ఒక రకం, కింద ఇసుమంత ముదురు. తేడా ఉందని ఎవరో చెబితే తప్ప తెలియదు, తెలిశాక చూపు తిప్పుకోలేము.

దాని కింద ఇంకో పొర ఉంది, మట్టి రంగుది. అది అడుగు పూత అయి ఉంటుంది.

డైరెక్టరు సర్ నిచ్చెన ఎక్కి చూశారు. "చూశావా ఆ తేడా? ఎంత అభిరుచి ఉంటే ఆ ఆలోచన వస్తుంది! ఆ కాలపు వాళ్ళే వేరు" అన్నారు. నిచ్చెన దిగుతూ నా తల మీద చెయ్యి పెట్టారు. ఇప్పటిదాకా ఆయన నన్ను "ఏమ్మా" అనడమే, పేరు పెట్టి పిలిచింది లేదు. ఇవాళ పిలిచారు.

జూన్ 10

నమూనా ల్యాబుకు పంపుదామా అని అడిగాను. "వాళ్ళు నెలలు తీసుకుంటారు. నీ కన్ను చాలు" అన్నారు.

నా కన్ను చాలు!

జూన్ 14

ఇంట్లో చెప్పాను. నాన్నకు పని సంగతులు చెప్పడం నాకు సరదా. రంగు ఎలా ఊడింది, ఎలా అంటుకుంది, అన్నీ అడుగుతాడు.

"ఏం ఆకుపచ్చ?" అన్నాడు.

"లేత ఆకుపచ్చ నాన్నా. గీతకు పైన ఒకలా, కింద ఇంకొంచెం ముదురుగా."

టీ గ్లాసు కింద పెట్టాడు. "గీత ఎర్రదా?"

"నీకెలా తెలుసు?"

"పాత ఇళ్ళల్లో ఎర్ర గీతే కదా అమ్మలూ వేస్తారు."

అమ్మ వంటింట్లోంచి తల బయటికి పెట్టి ఏదో అనబోయింది. "టీలో చక్కెర తక్కువైంది, ఇంకొంచెం తే" అన్నాడు నాన్న. అమ్మ డబ్బా పట్టుకుని వచ్చి నాన్న మొహంలోకి చూసింది. నాన్న టీలో చక్కెర వేసుకోడు. ఇవాళ రెండు చెంచాలు వేసుకుని తాగాడు.

పెద్దవాడవుతున్నాడు. రుచులు మారుతున్నట్టున్నాయి.

జూన్ 17

ఇంటివాళ్ళ ముని మనవరాలు వచ్చారు. ఇల్లు అమ్మినప్పుడు ఆవిడ చిన్న పిల్ల. ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది. ఇంట్లోకి వచ్చినా గొడుగు వదలరు. దేన్ని చూపించాలన్నా గొడుగుతోనే చూపిస్తారు. మనసులో గొడుగమ్మగారు అని పేరు పెట్టుకున్నాను.

గదిలో అడుగు పెట్టి, నేను సున్నం తీసిన గోడ ముందు ఆగిపోయారు. గొడుగు కొన గీత దాకా వెళ్ళి గాల్లోనే నిలబడింది.

"ఇదే" అన్నారు. "మా నాయనమ్మ గది రంగు ఇదే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జడ వేసేది. కళ్ళ ముందు ఎప్పుడూ ఈ ఆకుపచ్చే. ఇన్నేళ్ళు ఎవరికి చెప్పినా నమ్మలేదు."

కళ్ళు తుడుచుకున్నారు. సర్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. నాకూ ఏడుపు వచ్చింది. ఒక మనిషి చిన్నతనాన్ని సున్నం కింద నుంచి తీసి చేతిలో పెట్టాను. చదువుకున్నందుకు ఇంతకన్నా ఏం కావాలి?

గది మొత్తం ఈ రంగే వేయించి, వాళ్ళ నాయనమ్మ కుర్చీ తెచ్చి ఇక్కడే పెడతారట.

జూన్ 18

పర్మినెంటు కాగితం పై ఆఫీసుకు వెళ్ళిందని గుమాస్తా చెప్పాడు.

జూన్ 21

పేపరులో గది ఫోటో పడింది. నాన్న ఇంకా చూడలేదు, ఎక్కడికో నడకకు వెళ్ళాడు. అత్త వచ్చి బల్ల మీదున్న పేపరు తీసింది. చదవడం రాకపోయినా బొమ్మలన్నీ చూసి గాని వదలదు.

ఫోటో చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. దూరంగా పెట్టి చూసింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది. కడుపు చెక్కలయ్యేలా, గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వింది.

"ఏమైంది అత్తా?"

"ఏమే, మీ గదిని పేపర్లో ఎందుకేశారే?"

"మా గది ఏంటి? అది పెద్దింటి ఆడవాళ్ళ గది."

"ఏ ఆడవాళ్ళు? మీ అమ్మా? ఓసి పిచ్చిదానా, ఇది డిపో రంగే! బస్సు లోపల రేకుకి వేస్తారు చూడు, అది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేలోపు గది కొత్తగా ఉండాలని మీ నాన్న డబ్బా అడుగున మిగిలింది అడిగి తెచ్చుకున్నాడు. అది ఏ మూలకి? తెల్లది కలిపాడు. కింద సగం వేసేసరికి అయిపోయింది. మళ్ళీ కలిపితే రంగు కుదరలేదు. రెండూ కలిసిన చోట అతుకు బొత్తిగా బాగోలేదు. నేనక్కడే ఉన్నాగా, ఎగతాళి చేశాను కూడా. అప్పుడు ఎర్ర రంగు తెచ్చి ఆ అతుకు మీద బస్సుకి లాగినట్టు సర్రుమని ఒక గీత లాగాడు."

"వదినా!" అంది అమ్మ గుమ్మంలోంచి.

"ఏంటి మరదలా? అబద్ధమా? తెలుపు వెయ్యలేదని నువ్వు నెలరోజులు మొహం మాడ్చుకోలేదూ?"

"మనది వెనక గది కదా" అన్నాను.

"నదివైపు, అంటే వెనకే కదా" అంది అమ్మ. "రోడ్డు మీంచి వచ్చేవాళ్ళకి అది వెనక కాక ముందు ఎలా అవుతుందే?"

ఇంటి ముఖం నదివైపు అని వందమందికి చెప్పినదాన్ని. వాళ్ళు "అబ్బా" అంటే మురిసిపోయినదాన్ని. పప్పులో కాలేశానని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

మరి అన్ని పొరల సున్నం ఎక్కడిది? అదీ అడిగాను. మేం ఖాళీ చేశాక ఆ గదిలో సూదిమందులు ఇచ్చే నర్సు చేరిందట. శుభ్రం పిచ్చి మనిషి. గోడ మీద ఈగ వాలినా సున్నం కొట్టించేదట.

నాన్న నడక నుంచి వచ్చాడు. బల్ల మీద పేపరు చూశాడు, అత్త మొహం చూశాడు, నా మొహం చూశాడు. చెప్పులు విప్పకుండా మళ్ళీ బయటికి వెళ్ళాడు.

జూన్ 22

ఏమీ రాయను.

జూన్ 23

ప్రశాంతంగా ఆలోచిస్తే ఇందులో నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరు. రంగు అందంగా ఉంది. సర్ కు నచ్చింది. గొడుగమ్మగారికి వాళ్ళ నాయనమ్మ దొరికింది. నాన్న చేసిన పని గోడ మీద చిరకాలం ఉంటుంది, నేను గీకి పారేయకుండా. అసలు కింద ఉన్న మట్టి రంగు పొర ఇంటివాళ్ళదని మాత్రం ఏమిటి రుజువు? పరీక్ష చేయించలేదుగా.

పరీక్ష చేయించలేదు. నా కన్ను చాలన్నారు.

రేపు చెబుతాను.

జూన్ 24

చెప్పలేదు. సర్ తీరిక లేకుండా ఉన్నారు.

జూన్ 25

సర్ తీరికగానే ఉన్నారు.

జూన్ 27

పొద్దున్న నాన్న పెరట్లో కూర్చుని పాత కుంచెలు కడుగుతున్నాడు. వాటితో ఇప్పుడు పని లేదు, అయినా అప్పుడప్పుడూ కడుగుతాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మొదటి రోజే తెలుసు కదా నాన్నా నీకు."

"గీత ఎర్రదన్నావుగా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అంత సంతోషంగా చెబుతుంటే మధ్యలో ఎలా చెప్పేది అమ్మలూ?"

కుంచె వెంట్రుకలు వేలితో సరిచేశాడు. వేలు వణికితే రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు. నీ ఉద్యోగం పోతుంది. నా గీతకి గొప్పింటి పేరు వచ్చింది, నాకేం తక్కువైంది? ఒకసారి తీసుకెళ్ళి చూపించు చాలు. నేను మాట్లాడను, చూసి వచ్చేస్తాను."

ఒప్పుకున్నాను. ఎంత తేలిగ్గా ఒప్పుకున్నానో! నాన్నే వద్దన్నాడు కదా. ఇక నేనేం చేయను?

జూన్ 30

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. రాయకపోతే రేపటికి నాకు నేనే వేరేగా చెప్పుకుంటాను.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే వద్దన్నాను. గది మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఇప్పుడు రెండు గోడలకు సున్నం పూర్తిగా పోయింది, ఆకుపచ్చ మీద కిటికీ వెలుగు పడుతోంది. నాన్న గోడను ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గీత వెంట ఈ మూల నుంచి ఆ మూలకు నెమ్మదిగా నడిచాడు. మూల దగ్గర ఆగి కొంచెం వంగి చూశాడు. ఎక్కడ కుంచె ఎత్తాడో చూసుకుంటున్నాడని నాకు తెలుసు.

అప్పుడే సర్, గొడుగమ్మగారు వచ్చారు. ఇద్దరు కూలీలు కుర్చీ మోసుకొస్తున్నారు. మా నాన్న అని చెప్పాను. బస్సు డిపోలో పెయింటరుగా చేశాడని కూడా చెప్పాను.

"అయితే మీరు చెప్పాలి!" అన్నారు సర్ ఉత్సాహంగా. "ఏమంటారు ఈ పనిని?"

"పాత పని సార్" అన్నాడు నాన్న. "చాలా పాతది. ఇలా లాగేవాళ్ళు ఇప్పుడెవరున్నారండీ."

నాన్న అబద్ధం చెప్పడం నా జన్మలో చూడలేదు. ఎంత చక్కగా చెప్పాడో!

"గీత కన్నా గొప్పది దానికి పైనా కిందా ఉన్న తేడా. గమనించారా?" అన్నారు సర్. "అది పెయింటరుకు వచ్చే ఆలోచన కాదు. ఇంటివాళ్ళు వెనక నిలబడి ఇక్కడ ఇలా, అక్కడ అలా అని చెప్పి చేయించుకున్నారు. మన పనివాళ్ళ చేతిలో నేర్పు ఉంటుంది. దాన్ని నడిపించే బుర్ర ఎవరిదో ఉండాలి."

ఆయన చెడ్డగా అనలేదు. గొడుగమ్మగారు కూడా "మా నాయనమ్మే చెప్పి ఉంటుంది" అని తలాడించారు.

నాన్న కూడా తలాడించాడు. "నిజమేనండీ. పనివాడికి అంత ఆలోచన ఎక్కడిది!"

నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నా కోసం. అప్పటిదాకా నేను మింగలేక కక్కలేక ఉన్నది ఉద్యోగం గురించే అనుకున్నాను. అది కాదు. నాన్న గీత గొప్పింటికి పోతే పోనీ, నాన్న బుర్ర కూడా వాళ్ళకు ఇచ్చేశాం ఇద్దరం కలిసి.

"ఆ ఆలోచన మా నాన్నదే సర్" అన్నాను.

"అమ్మలూ" అన్నాడు నాన్న.

"ఈ గదిలో మేం అద్దెకుండేవాళ్ళం. నేను పుట్టినప్పుడు మా నాన్న వేసిన రంగు ఇది. డిపోలో మిగిలిన పెయింటు. చాలకపోతే రెండోసారి కలిపాడు, రంగు కుదరలేదు. ఆ అతుకు మీద గీత గీశాడు. ఎవరూ వెనక నిలబడలేదు. నేను తప్పు చూశాను. తెలిసి వారం దాటినా చెప్పలేదు."

కూలీలు కుర్చీ ఎక్కడ దించాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు.

సర్ నా చేతిలోంచి బ్లేడు తీసుకుని గోడ దగ్గరకు వెళ్ళారు. ఆకుపచ్చ అంచు కింద బ్లేడు పెట్టి ఎత్తితే తోలులా సాగి లేచింది. పాత రంగు పొడిలా రాలుతుంది, ఇలా సాగదు. అది నాకు మొదటి రోజే కనబడింది, మంచి నూనె కలిపారు కాబోలు అనుకున్నాను. ఆయన ఆ ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూశారు. ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయారు.

గొడుగమ్మగారు నాన్నను అడిగారు. "అయితే నాకు గుర్తున్న ఆకుపచ్చ ఎక్కడిది?"

"కిటికీ బయట చెట్లుండి ఉంటాయమ్మా" అన్నాడు నాన్న మెల్లగా.

"చెట్లు కావు. గోడే" అన్నారావిడ. కుర్చీ వెనక్కి తీసుకెళ్ళమని కూలీలకు గొడుగుతో చూపించారు.

జూలై 1

సర్ పిలిచారు. కోప్పడతారని సిద్ధపడి వెళ్ళాను. ఆయన గొంతు అసలు పెంచలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

ఈ గదే కాదు, నేను చూసిన గదులన్నీ మళ్ళీ మొదటి నుంచి గీకాలి. ఈసారి ప్రతి నమూనా ల్యాబుకు వెళ్ళాలి. పర్మినెంటు కాగితం వెనక్కి తెప్పించారు. వచ్చే ఏడాది చూద్దామన్నారు.

"ఇక్కడ అద్దెకున్నామని మొదట్లోనే చెప్పి ఉంటే, రెండు ప్రశ్నల్లో తేలిపోయేది" అన్నారు.

"అవును సర్."

వెళ్ళబోతుంటే ఆపారు. "పై ఆఫీసుకు రాసేటప్పుడు నీ ఒక్కదాని పేరే రాయను. నాకు ఆకుపచ్చ కావాలనిపించింది, ఆకుపచ్చ దొరికింది." మళ్ళీ, "మీ నాన్నగారితో నేనన్న మాటకు క్షమించమని నా తరఫున చెప్పు" అన్నారు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. "ఆయనేమన్నారో నాకు గుర్తే లేదు" అన్నాడు. పచ్చి అబద్ధం. ఈ మధ్య బాగా అలవాటైంది.

జూలై 5

ఆకుపచ్చ తీసేయాలి. నియమం నియమమే. ఒక చిన్న ముక్కయినా ఉంచమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆయన మా నాన్న కాబట్టి అడిగినట్టవుతుంది. పక్క గదిలో ఎవరి నాన్నో వేసిన నీలాన్ని మే నెలలో నేనే తీసేశాను, ఒక్క క్షణం ఆలోచించకుండా.

నేనే తీస్తానన్నాను. వేరేవాళ్ళకు ఇవ్వబుద్ధి కాలేదు.

జూలై 6

అమ్మ వచ్చింది! చెప్పకుండా, ఒక్కతే, బస్సెక్కి. "పోయేలోపు చూసి పోదామని" అంది.

కిటికీ కింద చూపించింది. "ఇక్కడ నీ ఉయ్యాల. ఆ మూల పొయ్యి. పొగ నీ మీదికి రాకుండా మీ నాన్న రేకు అడ్డం పెట్టాడు." కాసేపు కిటికీ అరుగు మీద కూర్చుని నది చూసింది. ఆ గదిలో కాపురమున్నన్నాళ్ళూ అలా కూర్చునే తీరిక దొరకలేదట.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. "తెలుపయితే ఇంత బాగుండేది కాదు."

"ఈ మాట నాన్నకు చెప్పావా ఎప్పుడైనా?"

"ఎందుకు? నెత్తినెక్కుతాడు."

జూలై 12

మూడు గోడలు అయ్యాయి. కింద ఉన్న మట్టి రంగే ఇంటివాళ్ళదని, సర్ తొందరపెడితే ల్యాబు వాళ్ళు పది రోజులకే ఫోనులో చెప్పారు. ఎండిన బురదలా ఉంటుంది. సర్ కు కూడా నచ్చలేదు, పైకి మాత్రం "గంభీరంగా ఉంది" అన్నారు.

గొడుగమ్మగారు వచ్చి చూశారు. చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఇదా?" అన్నారు. "దీన్ని చూస్తూనా మా నాయనమ్మ అన్నేళ్ళు కూర్చుంది?"

"క్షమించండమ్మా" అన్నాను.

"నువ్వేం చేశావు? ఉన్నదే చూపించావు." బయటికి నడుస్తూ వెనక్కి తిరిగారు. "మీ నాన్నగారి ఫోను నంబరు ఇవ్వు."

ఎందుకని అడిగే ధైర్యం లేక ఇచ్చాను.

జూలై 13

ఆవిడ ఉండే ఫ్లాటులో పడకగదికి రంగు వేయాలట. ఆ ఆకుపచ్చే కావాలట. ఫోను పెట్టేశాక నాన్న చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"చెయ్యి వణుకుతుందని చెప్పావా?" అంది అమ్మ.

"అమ్మలు ఉందిగా" అన్నాడు.

నన్నెవరూ అడగలేదు.

జూలై 20

ఆదివారం. పొద్దున్నే నాన్నా నేనూ గొడుగమ్మగారింటికి వెళ్ళాం. నాలుగో అంతస్తులో చిన్న ఫ్లాటు. అంత పెద్ద నాయనమ్మ కుర్చీ పడకగదిలో సగం ఆక్రమించింది. కిటికీలోంచి చూసినా పక్క ఇళ్ళ గోడలే తప్ప ఏమీ కనబడదు.

నాన్న రంగు కలపడం చూడడం నాకు ఇదే మొదటిసారి. డిపో ఆకుపచ్చ దుకాణంలో దొరికింది, తెలుపు కలిపాడు. చీపురు పుల్ల ముంచి అట్ట మీద గీసి, ఆరేదాకా ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ కలిపాడు. చివరికి నాకే తెలిసింది, అదేనని. ఇన్ని రోజులు బ్లేడు పట్టుకుని నేను చూసిన రంగు.

నేను రోలరు పట్టాను. నాన్న కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేశాడు. "అక్కడ తగల్లేదు. ఆ మూల. చదువుకున్నదానివి, మూల కనబడదా?"

మధ్యాహ్నానికి నాలుగు గోడలూ అయ్యాయి. గొడుగమ్మగారు గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని చూశారు. అప్పుడు నాన్న లేచి సంచీలోంచి ఎర్ర రంగు డబ్బా తీశాడు.

"అదెందుకండీ?" అన్నారావిడ.

"గీతకమ్మా."

"గీత వద్దండీ. నాకు గుర్తున్నది రంగే. మా నాయనమ్మ గదిలో గీత లేదు."

వాళ్ళ నాయనమ్మ గదిలో ఆ రంగు కూడా లేదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఎవరూ అనలేదు.

"గీత ఉంటేనే బాగుంటుందమ్మా" అన్నాడు నాన్న.

"రంగు చాలక అతుకు కనబడకుండా గీశారని మీ అమ్మాయే చెప్పిందిగా. ఇప్పుడు బోలెడు రంగుంది, అతుకూ లేదు. ఇంకెందుకు?"

నాన్న తగ్గుతాడనుకున్నాను. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు ఏదైనా అంటే "అలాగేనండీ" అనేయడమే ఆయన అలవాటు. నేను అప్పుడే డబ్బా తీసుకోవడానికి చెయ్యి చాపాను. నాన్న ఇవ్వలేదు.

"అప్పుడు చాలక గీశానమ్మా. గీశాక బాగుందని తెలిసింది. ఇప్పుడు బాగుందని గీస్తున్నాను."

"గది నాదండీ!"

"గది మీదే. రంగు నాది."

నాన్న అలా అనడం నేనెప్పుడూ వినలేదు. తనూ విన్నట్టు లేడు, అనేసి నా వైపు చూశాడు. డబ్బా మాత్రం వదల్లేదు. చెయ్యి వణుకుతుంటే మూత టకటకా చప్పుడు చేస్తోంది.

గొడుగమ్మగారు నాన్నను, గోడను, మళ్ళీ నాన్నను చూశారు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

"మరీ అంత ఎర్రగా వద్దు" అన్నారు.

"కొంచెం నలుపు వేస్తానమ్మా" అన్నాడు నాన్న. వెంటనే పుల్ల తీసి కలపడం మొదలుపెట్టాడు. కలుపుతూనే నాకు సన్న కుంచె అందించాడు.